అమ్మ ట్రంకుపెట్టెలోని బట్టలతో ఇంటిని కుట్టడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. మీరు రాజాం దగ్గరి పల్లెలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక విజయనగరంలో స్థిరపడ్డారు. నిరుడు అమ్మగారు కాలం చేశాక ఆమె ట్రంకుపెట్టె మీ ఇంటికి వచ్చింది. అందులో నేతచీరలు, వాయిలు చీరలు, జూట్ మిల్లులో పనిచేసిన నాన్నగారి ఖాకీ చొక్కా, తాతగారి పొందూరు పంచె ఉన్నాయి. వాటితో గోడకు వేలాడదీసే కుట్టుపని ఒకటి చెయ్యాలనీ, అందులో పుట్టింటి బతుకుతో పాటు మీరెవరో కూడా కనబడాలనీ మీ కోరిక. బొమ్మలు గీయడం రాదన్నారు. కుట్టు అంటే చీరకు ఫాల్ వేసుకునేంత వరకే వచ్చన్నారు. అమ్మ చీరలకు కత్తెర పెట్టడానికి మీ అప్ప (అక్కగారు) ఒప్పుకోవడం లేదన్నారు. చాలా ఏళ్లుగా చేతికుట్టు పని చేస్తూ, నేర్పుతూ ఉన్నదాన్ని కనుక చెబుతున్నాను: ఈ మూడింటిలో మొదటి రెండూ మీకు మేలే చేస్తాయి, మూడోదాన్ని మాత్రం కాస్త ఓపికగా తేల్చుకోవాలి.

బొమ్మలు గీయడం వచ్చినవారు ఇంటిని కుట్టమంటే సాధారణంగా ఏం కుడతారో మీరు హస్తకళల ఎగ్జిబిషన్లలో చూసే ఉంటారు. ఒక తాటాకు ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు, వెనక కొండ, కొండల మధ్య సూర్యుడు, నూతి దగ్గర బిందెతో ఒక అమ్మాయి. అవి బాగానే అమ్ముడవుతాయి, కుట్టు నాణ్యతలో కూడా వంక పెట్టలేం. కాని ఆ ఇల్లు ఎవరిదైనా కావచ్చు, ఆ అమ్మాయి ఎవరైనా కావచ్చు. మీరు కుట్టదలచినది ఒక ప్రత్యేకమైన ఇల్లు, అందులో ఒక ప్రత్యేకమైన మనిషి. దానికి కావలసిన ఆధారాలు మీ పెట్టెలోని బట్టల మీదే ఉన్నాయి. ఆ ఇంట్లోని మనుషులు ఏ పని ఎలా చేశారో చెప్పేది బట్ట అరిగిన చోటే కనుక, పని అక్కడి నుంచి మొదలుపెట్టమని నా సలహా.

అమ్మగారి చీరల్లో బాగా కట్టిన దాన్ని ఒకటి తీసి, పగటిపూట కిటికీ పక్కన మంచం మీద పూర్తిగా పరవండి. కింది అంచు మడమకు రాసుకునే చోట పోగులు లేచి, రంగు వెలిసి ఉంటుంది. బొడ్లో దోపుకునే చోట గుడ్డ పలచబడి వెలుతురు అవతలికి కనబడుతుంది. భుజం దగ్గర పిన్నీసు గుచ్చిన రంధ్రాలు ఒకే చోట గుంపుగా ఉంటాయి. కొంగు చివర డబ్బులో తాళంచెవో ముడివేసుకునే అలవాటు అమ్మగారికి ఉంటే, ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పోని ముడత ఒకటి అక్కడ నిలిచిపోయి ఉంటుంది. చెయ్యి తుడుచుకునే చోట పసుపు మరక ఉండవచ్చు. ఆ మరకను అలాగే ఉంచాలనుకుంటే రెండు జాగ్రత్తలు పాటించండి. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. కనుక ఆ భాగాన్ని మంచినీటిలో మాత్రమే జాడించి, నీడపట్టున ఆరవేయాలి.

పాత బట్టల మూలల్లో ఇంకొకటి వెతకండి. నల్లటి చుక్కలు, అడ్డగీతలు కలిసిన చిన్న గుర్తు కనబడవచ్చు. ఊళ్లో చాకలి గుర్తు అనే ఈ గుర్తును నల్లజీడి గింజ రసంతో పెట్టేవారు, ఎన్ని ఉతుకులు పడినా అది చెరగదు. ఊరందరి బట్టలూ ఒకే రేవులో కలిసినా ఏ మూట ఏ ఇంటిదో రజకులు ఆ గుర్తు చూసే తేల్చేవారు. మీ ఇంటి బట్టలు ఇంకొకరి చేతిలో ఎలా గుర్తింపు పొందాయో చెప్పే ఇంత సూటియైన ఆనవాలు మరొకటి దొరకదు. సాధారణంగా దాన్ని మరక అనుకుని లోపలికి మడిచేస్తారు. మీరు మాత్రం అది పైకి కనబడేలా ముక్కను అమర్చండి, దాని మీద ఒక్క కుట్టు కూడా వేయకండి.

ఇలా అరిగిన గుడ్డకు పెద్దపీట వేసిన పనికి లోకంలో గొప్ప ఉదాహరణలున్నాయి. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరి నల్లజాతి స్త్రీలు పొలంలో వేసుకున్న బట్టలను విప్పి బొంతలు కుట్టేవారు. ఆ ఊరి మిస్సూరీ పెట్‌వే 1942లో, భర్త చనిపోయాక, ఆయన పనిబట్టలతోనే ఒక బొంత కుట్టారు. ఆయన్ను తలచుకుంటూ దాన్ని కప్పుకోవాలన్నది ఆమె ఉద్దేశమని తర్వాత కూతురు చెప్పారు. ఆ ఊరి బొంతల్లో జేబు ఊడదీసిన చోట గుడ్డ ముదురు రంగులో, చుట్టూ ఎండకు వెలిసిన రంగులో కనిపిస్తుంది. మనిషి బొమ్మ ఒక్కటి కూడా లేకుండానే ఆ మనిషి పనీ ఒళ్లూ తెలిసిపోతాయి. 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఆ బొంతలను పెద్ద చిత్రకారుల పటాలలాగే గోడలకు వేలాడదీశారు. మీ నాన్నగారి ఖాకీ చొక్కా జేబు ఊడదీసి చూడండి, నేను చెబుతున్నది ఏమిటో వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు కత్తెర సంగతి. పోయినవారి బట్టలను చాలావరకు ఇచ్చివేయడం మన వైపు ఆచారం కనుక, పెట్టెలో మిగిలినవి ఎవరో ఒకరు పట్టుబట్టి మిగిల్చినవే అయి ఉంటాయి. నాన్నగారి చొక్కాల్లో ఆ ఒక్కదాన్నే అమ్మగారు ఎందుకు దాచారో, ఏ చీర ఏ పండక్కి కొన్నారో మీ కంటే మీ అప్పకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. ముందుగా ఆమెను కూర్చోబెట్టి, ఒక్కొక్క బట్టా తీసి అడగండి. చిరుగు లేని చీరను కొయ్యవద్దని నేనూ అంటాను. చిరిగినవాటిలో కూడా కత్తెర చాలాసార్లు అవసరం ఉండదు. ఐదున్నర మీటర్ల చీరను మడతలు వేసి, అరిగిన చోటు పైకి వచ్చేలా ఒక చట్రంలో కూర్చి, మిగతా చీరను వెనక పొరగా వాడుకోవచ్చు. కావాలనుకున్న రోజున కుట్లు విప్పితే చీర చీరగానే ఉంటుంది. బెంగాలీ స్త్రీలు కాంతా బొంతలను పాత చీరలు పొరలుగా పరిచి, ఆ చీరల అంచుల్లోంచే దారం లాగి కుట్టేవారు. కొయ్యడం కంటే పరచడం మీదే నడిచే పద్ధతి అది. ఈ మాట చెబితే మీ అప్ప మెత్తబడతారని నా నమ్మకం.

ఇక మీరు అసలు అడిగినది: ఇందులో నేనెక్కడ ఉంటాను? అమ్మ చీరలతో చేసిన పని అమ్మ జ్ఞాపకంగానే మిగిలిపోతుందని మీ బెంగ. అది నిజమే, చాలామంది పని అక్కడే ఆగిపోతుంది. బొమ్మలు రాని మీలాంటివారికి నేను చెప్పే పద్ధతి నడకలను కుట్టడం.

తలగడ గలేబు అంతటి గుడ్డ ముక్క తీసుకోండి, అంతకు మించి పెద్దది వద్దు. దాని మీద మీ పుట్టిల్లు పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో పెన్సిలుతో పలచగా గీయండి. వీధి అరుగు, నడవ, పడకగది, వంటిల్లు, పెరటి గుమ్మం, నుయ్యి, పశువుల శాల అన్నీ గళ్లుగా ఉంటే చాలు, కొలతలు సరిగ్గా ఉండనవసరం లేదు. ఇప్పుడు మీ చిన్నప్పటి ఒక మామూలు రోజును తలుచుకోండి. అమ్మగారు లేచి వంటింట్లోంచి నూతి దగ్గరకు వెళ్లిన ప్రతిసారికీ ఆ దారి వెంట ఒక వరుస కుట్టు వేయండి. బొంతకు వేసే మామూలు కుట్టే, బళ్లో రన్నింగ్ కుట్టు అని నేర్పేది. తిరిగి వచ్చినప్పుడు ఇంకొక వరుస. నీళ్లకు, అంట్లకు, బట్టలకు, పశువుల కుడితికి వెళ్లిన ప్రతిసారీ ఒక్కొక్క వరుస పడుతుంటే, వంటింటికీ నూతికీ మధ్య గుడ్డ దారంతో గట్టిపడి, ముడుచుకుని, వేలితో తడిమితే తెలిసేలా పైకి లేస్తుంది. నాన్నగారి దారం ఖాకీ రంగులో వీధి గుమ్మం నుంచి మిల్లు షిఫ్టుకు వెళ్లి, తిరిగి వచ్చి అరుగు దగ్గర ఆగుతుంది. ఆయన దారం వంటింట్లోకి వెళ్లిందో లేదో మీరే చెప్పాలి, ఊహించి కుట్టవద్దు.

తర్వాత మీ దారం. దానికి మీకు ఇష్టమైన రంగు వద్దు, మీరు ఆ ఇంట్లో ఉన్నప్పుడు ఎక్కువగా తొడిగిన బట్ట రంగు ఎంచుకోండి. స్కూలు లంగా ముక్క దొరికితే దాని పోగులే లాగి కుట్టండి. చిన్నతనంలో ఆ దారం ఇల్లంతా, పెరడంతా, గోడ దాటి పక్కింటిదాకా చెల్లాచెదురుగా తిరుగుతుంది. మీరు పెద్దమనిషి అయిన ఏడాది నడకలను వేరుగా, అదే దారంతో కుట్టి చూడండి. వీధి అరుగు మీదికి వచ్చే వరుసలు ఎన్ని తగ్గాయో, అమ్మ నడిచిన దారిలో మీ వరుసలు ఎన్ని చేరాయో గుడ్డ మీద కనబడుతుంది. మీరెవరన్న ప్రశ్నకు జవాబు నాకు తెలిసి ఇక్కడే మొదలవుతుంది. అమ్మ దారిలో ఎంత దూరం నడిచారు, ఎక్కడ పక్కకు తిరిగారు అన్నది మీరు మాటల్లో చెప్పుకోని విషయం కావచ్చు. చివరికి పెళ్లినాటి దారం వీధి గుమ్మం దాటి, గుడ్డ అంచుదాకా వెళ్లి, అంచు బయట దారం కొస అలాగే వేలాడవచ్చు. సంక్రాంతికి వచ్చి వెళ్లే నడకలను ఏడాదికి ఒక వరుస చొప్పున కుట్టుకుంటూ పోవచ్చు. అప్ప నడకలను మాత్రం మీరు కుట్టవద్దు. ఆమెకు సూదీ, ఆమెకు నచ్చిన దారమూ ఇచ్చి, ఆ ఇంట్లో తాను ఎలా తిరిగిందో ఆమెనే కుట్టమనండి. రెండు దారాలూ ఎక్కడెక్కడ కలవలేదో చూసి మీరిద్దరూ ఆశ్చర్యపోయినా పోతారు.

ఇందులో మీ చేతికుట్టు చక్కగా, సమానంగా రాకపోవడం లోపం కాదు. దస్తూరీ మనిషిని పట్టించినట్టే కుట్టు వాలు, దూరం కూడా మనిషిని పట్టిస్తాయి. నెమ్మదిగా ఉన్న సాయంత్రం వేసిన వరుసా, చిరాకులో వేసిన వరుసా ఒకేలా ఉండవు. విప్పి మళ్లీ వేయాలన్న తాపత్రయాన్ని దారం ముడి ఊడిపోయిన చోట మాత్రమే చూపించండి.

అక్షరాలు కుట్టాలా అని మీరు అడగలేదు గాని, ఈ పని మొదలుపెట్టినవారందరికీ కొద్దిరోజుల్లో ఆ కోరిక పుడుతుంది. 1895 ప్రాంతంలో జర్మనీలో ఒక మానసిక చికిత్సాలయంలో ఉంచిన ఆగ్నెస్ రిక్టర్ అనే కుట్టుపనివారు కోటులాంటి ఒక జాకెట్టు లోపలా బయటా తన గురించిన మాటలు దట్టంగా కుట్టుకున్నారు. అది నేటికీ హైడెల్‌బర్గ్‌లో, మానసిక రోగుల కళాకృతులను భద్రపరచిన ప్రిన్జ్‌హోర్న్ సంగ్రహంలో ఉంది, అందులో చాలా భాగం చదవడానికి వీలు కాదు. తన గురించి చెప్పుకోవడమంటే అందరికీ చదివి వినిపించడం కానక్కరలేదని ఆ జాకెట్టు చూస్తే తెలుస్తుంది. మీరు రాయదలచినది నీతివాక్యమో కవితో అయితే మానేయండి. అమ్మగారి పద్దు పుస్తకం ఉంటే అందులోంచి ఒక్క పంక్తి తీసుకోండి: పాలకు ఇంత, చీటీకి ఇంత అని ఆమె చేత్తో రాసినది. ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, పైన పలచటి గుడ్డ పెడితే అక్షరాలు కనబడతాయి, పెన్సిలుతో దిద్దుకోవచ్చు. తెలుగు అక్షరాలకు వంపులెక్కువ కనుక కాడకుట్టు (స్టెమ్ స్టిచ్) వేయండి, వంపు దగ్గర కుట్టు పొట్టిగా ఉండాలి. అక్షరం అర అంగుళం కంటే చిన్నదైతే వొత్తులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇంట్లో బతికున్నవారి తగాదాలను, అప్పులను మాత్రం వారిని అడగకుండా గుడ్డ మీదికి ఎక్కించవద్దు.

ఇప్పుడు సామగ్రి విషయం. బట్టలన్నిటినీ ముందుగా నీళ్లలో నానబెట్టి గంజి పూర్తిగా వదలగొట్టండి. గంజి ఉన్న గుడ్డను బొద్దింకలు, వెండిపురుగులు వెతుక్కుంటూ వచ్చి తింటాయి. ఎరుపు, ముదురు నీలం చీరల మీద తడి తెల్లగుడ్డ అద్ది, రంగు దిగుతుందేమో చూడండి. దిగితే ఆ ముక్కను తెల్లటి పంచె పక్కన పెట్టకూడదు. అడుగు పొరకు ఒకసారి ఉతికిన కోరా గుడ్డ చాలు. తాతగారి పొందూరు పంచెను అడుగు పొరగా వాడాలని రాశారు, అది వద్దు. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికిన సన్నటి నూలుతో నేసిన గుడ్డ అది. వంద కౌంటు నూలు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) వడికే ఊరి పంచె, అందులోనూ పాతబడినది, ఇంకో నాలుగు పొరల బరువు మొయ్యలేదు. దాన్ని అన్నిటికంటే పైన, కిందున్న చీర రంగు లీలగా కనబడేలా ఒక్క పొరగా పరిస్తే దాని సన్నదనం పనికొస్తుంది. సూది కూడా దానికి తగినంత సన్నగా ఉండాలి. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో రెండు పోగులు విడదీసి, ఎనిమిదో తొమ్మిదో నంబరు సూదికి ఎక్కించండి. దారం మూరెడు మించకూడదు, పొడుగు దారం గుడ్డలోంచి మాటిమాటికీ దూరి సగం కుట్టకముందే నలిగిపోతుంది.

పొరలు కదలకుండా పెద్ద పెద్ద టాకాలు ముందే వేసుకోవాలి. మామూలుగా నడుమ నుంచి అంచులకు వేస్తారు. ఉత్తర కర్ణాటక అడవుల్లోని సిద్దీ తెగ స్త్రీలు తమ కవాందీ బొంతలను అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వస్తారు. కొత్తవారికి ఆ పద్ధతిలో ముడతలు వస్తాయి కనుక మీరు నడుమ నుంచే వేయండి. లాగితే తెగేంతగా చివికిన గుడ్డను సాగదీయకుండా కోరా మీద పరిచి, పైన అదే రంగు పలచటి నెట్ గుడ్డ వేసి, రెండింటినీ కలిపి చిన్న చిన్న కుట్లతో పట్టించాలి. బంకతో అంటించవద్దు. ఇస్త్రీతో అంటుకునే అస్తరు కూడా పాత నేత మీద గట్టిపడి, మడత దగ్గర విరుగుతుంది. చిరుగును దాచాలని పైన పువ్వు కుట్టే అలవాటు నాకు నచ్చదు. చిరుగు అడుగున వేరే రంగు ముక్క పెట్టి, చుట్టూ అంచు పావు అంగుళం లోపలికి మడిచి కుడితే అది కిటికీలా తెరుచుకుని ఉంటుంది.

నాన్నగారి పని గుర్తుగా గోనెగుడ్డ మీద కుట్టాలన్న మీ ఆలోచన బాగుంది, దానికి పెద్ద వారసత్వం ఉంది. చిలీ దేశంలో 1973లో సైన్యం అధికారం లాక్కున్నాక, మనుషులు మాయమైపోయిన ఇళ్లలోని స్త్రీలు గోనెగుడ్డ మీద పాత బట్టల ముక్కలతో తమ వీధులను, తమ ఖాళీ ఇళ్లను కుట్టారు, ఆ ముక్కలను దేశం దాటించి లోకానికి జరిగినది తెలియజేశారు. అయితే గోనెలోని జనపనార వెలుతురుకు పచ్చబడి, పెళుసుబారి, పీచు రాలుస్తుంది. మొత్తం పనికి అది అడుగుగా వద్దు. మిల్లు ఉన్న దిక్కున అరచేతి వెడల్పు ముక్క ఒకటి, దాని వెనక కోరా వేసి, పురికొసతో దబ్బనం కుట్టు వేస్తే సరిపోతుంది. సూదికీ దబ్బనానికీ మధ్య తేడా చూసేవారికి ఇట్టే తెలుస్తుంది.

పూర్తయ్యాక అద్దం ఫ్రేములో బిగించవద్దు. మన తీరప్రాంతపు చెమ్మకు అద్దం వెనక బూజు పడుతుంది. వెనక పైభాగాన గుడ్డ గొట్టం ఒకటి కుట్టి, అందులో నున్నటి కర్ర దూర్చి, ఎండ పడని గోడకు వేలాడదీయండి. పిన్నీసులు, ఇనుప గుండుసూదులు ఒక్కటి కూడా లోపల మిగలకూడదు, తుప్పు మరక దిగితే పోదు. వెనకవైపు ఒక మూల ఏ ముక్క ఎవరిదో, ఏ ఊరో, ఏ సంవత్సరంలో కుట్టారో రాసి ఉంచండి. వెనక అస్తరు గుడ్డను మూడు వైపులా కుట్టి, కింది వైపు మాత్రం వదిలేయండి. చెమ్మ పట్టిందేమో వానాకాలంలో చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. వచ్చే సంక్రాంతికి మీ వరుస, అప్ప వరుస కుట్టేటప్పుడు వెనక ముడి వేసుకోవడానికీ ఆ సందులోంచే చెయ్యి పట్టాలి.